ఎలెనా మర్చిపోలేదు

"ఆంటీ, మీరు ఒపెరాలో హీరోయిన్‌ని కాపాడారట కదా? చర్చిలో అంటున్నారు."

కాపాడటమా? చెడగొట్టాను. ఆ హీరోయిన్ ఎలెనా పాడాల్సిన లైను నేను పాడేశాను, హాలు నిండా జనం ముందు. రికార్డింగ్ ఆన్‌లోనే ఉందా నిత్యా? ఉండనీ.

మనం ఉంటున్న ఈ ట్రాయ్ ఊరికి దగ్గర్లో చిన్న ఒపెరా కంపెనీ ఉందిలే. రెండేళ్ళు ఆడిషన్ ఇచ్చి ఇచ్చి, మూడో ఏడు కోరస్‌లో దూరాను. కోరస్ అంటే ఏముంది, ఊరి జనం. తలకి గుడ్డ కట్టుకుని, బుట్ట పట్టుకుని, వెనకాల గుంపుగా పాడాలి. నా బుట్టలో ప్లాస్టిక్ క్యాబేజీలు. మీ అంకుల్ చూసి, "ఇంటికి కూరలు మోసేది నేను, చప్పట్లు నీకా" అన్నారు. సరే, ఆయన సంగతి వదిలెయ్.

అక్కడ విగ్గులు పెట్టే డోరిస్ అని ఒకావిడ ఉంది. తల ఆవిడ చేతిలో పెట్టి పావుగంట కూర్చోవాలి కదా, వార్తలన్నీ చెవిలో పడతాయి. హీరోగా పాడే అతను ఎలెనాకి మాజీ మొగుడట. ప్రేమ పాటకి ముందు కావాలనే పచ్చి వెల్లుల్లి నమిలి వస్తాడట. ఆవిడ పాటంతా మొహం పక్కకి తిప్పుకుని పాడుతుంది, జనం సిగ్గనుకుంటారు! ఇంకోటి కూడా చెప్పింది. ఎలెనా ఎక్కడో వేరే ఊళ్ళో స్టేజి మీద మాటలు మర్చిపోయిందట. అదిగో, అది నా బుర్రలో కూర్చుంది.

చివరి రిహార్సల్‌కి నేను వెళ్ళలేదు. మన చర్చి స్త్రీల కూడిక యానివర్సరీ కదా, నువ్వు కేసరి తెచ్చావే... కాదులే, కేసరి మీ అమ్మ తెచ్చింది, నువ్వు ప్లేట్లు తెచ్చావు. ఆ రోజే డైరెక్టర్ ఒకటి మార్చాడు. ఎలెనా ఉత్తరం చదివి, చాలాసేపు ఊరికే నిలబడి, అప్పుడు పాడాలి. నాకు తెలీదు.

మొదటి షో. ఉత్తరం చదివింది. ఆర్కెస్ట్రా ఆగింది. ఆవిడ అలాగే నిలబడిపోయింది. అయ్యో, మళ్ళీ మాటలు మర్చిపోయింది అనుకున్నాను. మన దగ్గర ఎలా, చెప్పు? బాపట్లలో మా చిన్నమ్మ ప్రతి క్రిస్మస్‌కీ పాట మధ్యలో ఆగిపోయేది, వెంటనే చర్చి మొత్తం అందుకునేది. మనిషిని అలా నిలబెట్టేస్తామా? నేనూ అందుకున్నాను. నా పక్కనున్న ఇద్దరు, ఇది కూడా మార్చారేమో అనుకుని, నాతో కలిశారు! ఎలెనా వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. ఆ చూపు వేడికి బుట్టలో ప్లాస్టిక్ క్యాబేజీలు కరగలేదంతే.

తెర పడగానే డైరెక్టర్ పరిగెత్తుకొచ్చాడు. "అద్భుతం! ఊరు ఆవిడ మనసు చదివేసింది! ప్రతి షోకీ ఇలాగే పాడు." ఆ నిలబడటం రిహార్సల్‌లో మార్చిందేనని పక్కవాళ్ళు చెప్తే అప్పుడే తెలిసింది నాకు. అయినా తలూపాను. ఆదివారం పాస్టర్ గారు, "మాటలు మర్చిపోయిన గాయనిని మన సిస్టర్ ఆదుకున్నారు" అని చప్పట్లు కొట్టించారు. కొట్టించుకున్నాను. లేచి నిలబడి మరీ.

రెండో షోకి విగ్గు పెడుతూ డోరిస్, "ఎలెనా మళ్ళీ మర్చిపోయిందిగా. వచ్చే ఏడు ఆవిడకి అనుకున్న పాత్ర వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నారట" అంది.

"ఆవిడ మర్చిపోలేదు" అన్నాను.

"అందరూ అంటున్నారే!"

సగం విగ్గుతోనే లేచి వెళ్ళి ఎలెనా గది తలుపు కొట్టాను. రిహార్సల్ ఎగ్గొట్టింది నేను, తప్పు నాది, అన్నాను.

"నాకెందుకు చెప్తున్నావ్? నేను మర్చిపోలేదని నాకు తెలుసు. వాళ్ళకి చెప్పు" అంది.

నిజమే కదా. మేనేజర్ గదికి వెళ్ళి, డైరెక్టర్ ముందే చెప్పాను. మేనేజర్ రాసుకుంది. డైరెక్టర్‌కేమో ఒళ్ళు మండింది. పేపర్లో ఎవరో ఆ ఐడియా ఆయనదేనని మెచ్చుకున్నారు మరి. "తప్పో ఒప్పో, బాగుంది. ఇవాళ కూడా పాడు. పాడకపోతే వచ్చే ఏడు కోరస్‌లో నీకు చోటుండదు" అన్నాడు.

మూడేళ్ళు తిరిగి సంపాదించుకున్న చోటమ్మా అది. "మీ ఇష్టం. నేను మాత్రం అక్కడ పాడను" అన్నాను.

తర్వాతి ఆదివారం చర్చిలోనూ మైక్ అడిగి చెప్పాను. వినాల్సినవాళ్ళు అప్పటికే భోజనాల లైన్‌లో ఉన్నారనుకో.

ఆ రెండో షోతో కలిపి మూడు షోలు మిగిలాయి. మూడింట్లోనూ ఎలెనా ఉత్తరం చదివి అలా నిలబడగానే, తెర పక్కనుంచి డైరెక్టర్ నాకేసి చేతులూపుతూనే ఉన్నాడు. మూడుసార్లూ నేను పెదవి విప్పలేదు.