తుమ్మిన కెమెరా

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదని మీ అందరికీ తెలుసు," అని మొదలుపెట్టాడు నతానియేలు, బ్రాడీపేటలో జోహరాబీ టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని. ఆటో డ్రైవరు పానకాలు గ్లాసు పట్టుకుని పక్కన సర్దుకున్నాడు. "బిగుసుకుపోయిన కెమెరా షట్టరొకటి బాగుచేశా, అంతే. చెప్పుకోవడమెందుకని ఊరుకుందామనుకున్నా. కానీ ఈ రిపేరు షాపుల వాళ్ళని తలుచుకుంటే కడుపు మండిపోతోందిరా.

మా తమ్ముడి కూతురు ఫెబా లేదూ, దాని పెళ్లి మొన్న దాచేపల్లి చర్చిలో అయింది. 'పెదనాన్నా, అందరిలాగా డిజిటల్ ఫొటోలు నాకొద్దు, తాతయ్య రీలు కెమెరాతో నువ్వే తియ్యాలి, నానమ్మా నేనూ ఆ కెమెరాలోనే దిగాలి' అంది. మా అమ్మ పున్నమ్మ మంచం దిగడమే కష్టం, అయినా మనవరాలి పెళ్లికి వస్తానని పట్టుబట్టింది. కాదంటానా? బీరువాలోంచి తీశా. తీస్తే ఏముంది, లెన్సు నిండా బూజు. వెనక తలుపు రబ్బరు కరిగిపోయి బెల్లం పాకంలా వేళ్ళకి అంటుకుంటోంది. షట్టరు చచ్చినా కదలదు. బ్యాటరీ వేద్దామంటే ఆ బిళ్ళ చెయ్యడం ఎప్పుడో మానేశారంట! ఎవర్ని అడిగి మానేశారు?"

"నిన్నడక్కపోవడం తప్పే," అన్నాడు పానకాలు.

"షాపుకి పట్టుకెళ్ళా. వాడు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, 'షోకేసులో పెట్టుకోండంకుల్, బావుంటుంది' అన్నాడు. షోకేసులోనా! మా నాన్న ఆ కెమెరాతో జిల్లాలో సగం పెళ్లిళ్ళు తీశాడు. ఈ కోచింగు సెంటర్ల పిల్లలు పాత కెమెరాలు మెళ్ళో వేసుకు తిరుగుతున్నారు చూడు, రీలూ ఉండదు పాడూ ఉండదు, వాళ్ళకి అమ్ముకోడానికి ఈ షాపులోళ్ళకి పాతవి కావాలి, బాగుచెయ్యమంటే మాత్రం చేతులు రావు!

ఇక ఎవడి గడపా తొక్కనని నేనే విప్పా. మా ఆవిడ జడపిన్ను, కళ్ళజోడు మరలు బిగించే బుల్లి స్క్రూడ్రైవరు, ఇవే నా పనిముట్లు. బూజు ఎండకి చస్తుందని మా వియ్యంకుడి మిరప కల్లంలో పట్టా మీద పెట్టా. పక్కనే కూలోళ్ళు ఎండు కాయలు ఎగదోస్తున్నారు. ఆ ఘాటుకి నాకు కళ్ళెంట నీళ్ళు ధారలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కెమెరా తుమ్మింది!"

"కెమెరానా?" జోహరాబీ గిన్నెలో పాలు పొంగుతున్నా చూసుకోలేదు.

"హాచ్చని తుమ్మింది చెల్లెమ్మా! ఆ తుమ్ముకి బూజంతా ఎగిరి పక్క కల్లంలో పడింది, షట్టరు టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. ఏం వేగమనుకున్నావ్! చేసిన కంపెనీవాడు కల్లో కూడా చూసుండడు. పెళ్లినాడు పిడుగురాళ్ల దాటుతుంటే క్వారీలో పేల్చారు, ఇంత బండరాయి లేచి సరాసరి మా కారు మీదికే వస్తోంది. మా అమ్మ వెనక సీట్లో ప్రభువా ప్రభువా అంటోంది. నేను కెమెరా ఎత్తి నొక్కా. రాయి ఆగిపోయింది."

"ఫొటోలోనా?"

"ఫొటోలో ఆగితే వింతేముందిరా? గాల్లోనే! మేం కిందనుంచి వెళ్ళిపోయాక తాపీగా రీలు జరిపే లివరు తిప్పా, అప్పుడు పడింది. క్వారీవాళ్ళు దణ్ణాలు పెట్టి రోజూ రమ్మన్నారు. పొండిరా అన్నా. ఇన్నాళ్ళూ నా పనితనం ఎవడికి కనపడింది?

ఇక చర్చిలో ఫ్లాషు వేశానా, ఆ వెలుగు కిటికీలు దాటి పొలాల మీద పడింది. మిరపచెట్టు మీది పచ్చికాయ చెట్టు మీదే ఎర్రబడింది. ఆ పక్క చేలో పత్తికాయ ఫట్ ఫట్‌మని పగిలి చేనంతా తెల్లబడింది. రైతులు పరిగెత్తుకొచ్చి, 'అయ్యా, మా వైపు కూడా ఒక్క ఫొటో' అని గుమ్మంలో కూర్చున్నారు."

"మరి పాస్టరుగారు ఏమన్నారు?" అంది జోహరాబీ.

"ఏమంటారు, ఆమెన్ అన్నారు. అదంతా ఒక ఎత్తు, రీలు సంగతి ఒక ఎత్తు. ముప్పై ఆరు ఫొటోల రీలది. ముప్పై ఆరూ అయిపోయాయి, ఆగలా! పెళ్లికొచ్చినోళ్ళని తీశా, వంటోళ్ళని తీశా, రోడ్డు మీద పోయే సిమెంటు లారీల డ్రైవర్లని ఆపి వరసగా నిలబెట్టి తీశా. లివరు వెన్నలా తిరుగుతోంది, రీలు మాత్రం అయిపోదే! వందలు తీశా. చివరికి నేనే ఆపి, రీలు తీసి కడిగించమని ఫెబాకిచ్చా. మా నాన్న కెమెరా, నా చెయ్యి. పనికిరాదన్నాడే, వాణ్ణి వచ్చి చూడమను!"

"అది చేతి మహిమ కాదు పెదనాన్నా."

అందరూ వెనక్కి తిరిగారు. ఫెబా స్కూటరు ఆపుకుని దాని మీదే కూర్చుని వింటోంది, ఎప్పుడొచ్చిందో ఏమో. సంచిలోంచి ఒక కవరు తీసి అతని చేతికిచ్చింది.

"రీలు కడిగించి తెస్తున్నా. ఒక్క బొమ్మా పడలేదు. ఎక్కించేటప్పుడు రీలు కొస లోపలి చక్రం పళ్ళకి పట్టలేదంట. నువ్వు తిప్పినంతసేపూ లివరొక్కటే తిరిగింది, రీలు డబ్బీలోంచి కదల్లేదు. ఇక అయిపోవడమెక్కడ?"

నతానియేలు రీలు బయటికి లాగి వెలుతురుకి ఎత్తి పట్టాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉత్త గాజులా ఉంది. అవతల ఆగిన ఆటోలు కనపడుతున్నాయి అందులోంచి. పానకాలు నవ్వబోయి, అతని మొహం చూసి, టీ తాగాడు.

"అమ్మది కూడానా?" అన్నాడు నతానియేలు మెల్లగా.

"నానమ్మా నేనూ దిగింది రెబ్కా వదిన ఫోన్లో ఉందిలే. నానమ్మ చెయ్యి ఒక పక్క, నా కొంగు ఒక పక్క. మధ్యలో అంతా నీ వీపే." ఫెబా స్కూటరు స్టార్టు చేసింది. "నానమ్మ తల దువ్వించుకుని కూర్చుంది. ఇంకో రీలు తెచ్చా. ఈసారి ఎక్కించేది నేను. రా, కూర్చో."

నతానియేలు చొక్కా సర్దుకుని వెనక ఎక్కాడు. బండి నాలుగు గజాలు కదిలిందో లేదో అతని గొంతు మళ్ళీ లేచింది.

"మధ్యలో నా వీపా? అసలా రెబ్కాకి ఫొటో తియ్యడం వచ్చా?"