ఎడమ అంచు దగ్గర అంబదాస్ గారు

శ్రీ అంబదాస్ గారు 1989 ఫిబ్రవరి 20వ తేదీన మన మిల్లులో మగ్గం కార్మికునిగా చేరారు. 2022 జనవరి 31వ తేదీన నేత విభాగం మాస్టర్‌గా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల మధ్య వారు చేసిన సేవను, చూపిన సహనాన్ని, సూరత్‌లో మన తెలుగు కార్మికులకు సంపాదించిపెట్టిన గౌరవాన్ని వివరించమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. నా పేరు ఆగయ్య, ఊరి బడిలో ఏడో తరగతి వరకే చదివాను. పొగడ్త రాయడం అలవాటు లేదు. మగ్గం మీంచి దిగిన గుడ్డలో తప్పులు వెతకడం నా ఉద్యోగం. అయినా అంబదాస్ గారి గురించి రాయనని చెప్పే అధికారం నాకు లేదు.

వారిది సిరిసిల్ల ప్రాంతపు చేనేత కుటుంబం. భివండీలో పని నేర్చుకుని, పెళ్లయిన ఏడాదికి సతీమణి సుమన గారితో సూరత్ చేరారు. అప్పటికి మన మిల్లు ఒక రేకుల షెడ్డు. 1994లో ప్లేగు భయంతో ఊరు ఖాళీ అయినప్పుడు అందరిలాగే వారూ కుటుంబాన్ని తీసుకుని వెళ్లిపోయారు. తిరిగి వచ్చినవారిలో మాత్రం వారే మొదటివారు. తాళం తీయించి, మగ్గాల మీద తెగి వేలాడుతున్న పోగులను ఒంటరిగా కూర్చుని అతికారు. మిగతావాళ్లు వచ్చేసరికి సగం మగ్గాలు నడుస్తున్నాయి.

మిల్లు సూరత్ దగ్గరి పారిశ్రామికవాడ సచిన్‌కు మారిన తరువాత వారు జాబర్ అయ్యారు, అంటే మగ్గాలు బాగుచేసే పనివారు. 2006లో మాస్టర్ అయ్యారు. ఒడియా కార్మికుల కష్టం వాళ్ల మాటల్లోనే వినాలని ఒడియా నేర్చుకున్నారు. మగ్గాల చప్పుడుకు కుడి చెవి పూర్తిగా పోయింది. ఆ సంగతిని వారు ఎన్నడూ ఫిర్యాదుగా చెప్పలేదు.

నేత విభాగానికీ చెకింగ్ విభాగానికీ ఎక్కడా పడదు. వాళ్లు నేస్తారు, మేము తప్పులు పడతాము. తాకా, అంటే మగ్గం నుంచి దిగిన ముడి గుడ్డ, మా బల్ల మీదికి వస్తుంది. కింద లైటు వెలుగుతుంది, పైన గుడ్డ జరుగుతుంది. తప్పు ఉన్నచోట సుద్దముక్కతో గీత గీస్తాను. ఆ గీతలకు జవాబుదారీ అంబదాస్ గారు. ప్రతి ఉదయం ఫోన్‌లో వారిని తిట్టడంతో నా పని మొదలయ్యేది. నా నోటి సంగతి మిల్లులో అందరికీ తెలుసు. దాచను. నా ఫోన్ వస్తే వినపడని చెవి దగ్గర పెట్టుకుంటానని వారు క్యాంటీన్‌లో చెప్పి నవ్వించేవారు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. వెళ్లగలిగినవాళ్లు వెళ్లారు. వెళ్లలేనివాళ్లకు అంబదాస్ గారు మిల్లులోనే పొయ్యి పెట్టించి, వారూ వాళ్లతోపాటే తిన్నారు. ఆ ఆగస్టులో నా భార్య నర్సవ్వ కరోనా వార్డులో చనిపోయింది. మాకు పిల్లలు లేరు. చివరి చూపు నాకు దక్కలేదు. శ్మశానం గేటు బయట నిలబడినవారు అంబదాస్ గారొక్కరే. ఎవరెవరు రాలేదో నాకు తెలుసు. పేర్లు ఇక్కడ రాయను. మెదడుకు దెబ్బ తగిలాక చాలా మరిచిపోయాను, అవి మరిచిపోలేదు.

ఆ దెబ్బ సంగతి చెప్పకుండా వారి సేవ గురించి చెప్పలేను.

2021 ఏప్రిల్‌లో గోదాములో నిచ్చెన దిగుతూ జారాను. తల వెనుక భాగం ఇనుప రాక్‌కు తగిలింది. రక్తం రాలేదు కనుక ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు తలనొప్పి మొదలైంది. చాయ్ వాసన తెలియడం మానేసింది. వాంతులు, ఎప్పుడూ నిద్రమత్తు. అవి ఎటువంటి రోజులో మీకందరికీ గుర్తే. వాసన పోయిందంటే కరోనా. నర్సవ్వకూ ముందు వాసనే పోయింది. సూరత్ శివారు జోల్వాలో నా గది తలుపు వేసుకున్నాను. బిల్డింగ్ వాళ్లు మెట్ల దగ్గర తాడు కట్టారు. టెస్టు ఎవరూ చేయలేదు. తల లోపల రక్తం కారుతున్నదని నాకు తెలియదు.

తరువాతి సంగతి అంబదాస్ గారు, సుమన వదినె చెప్పగా విన్నది. నాకు అందులో ఒక్క ముక్క గుర్తు లేదు.

ఆ ఉదయం వారే ఫోన్ చేశారు. "తమ్మీ ఆగయ్యా, రాత్రి డ్యూటీల తాకాలు మొత్తం ఖరాబైనయ్. ఏం జెయ్యాలె?"

"సరే తియ్, పంపుర్రి" అన్నానట.

వారు ఫోన్ పెట్టేశారు. "గాయనకు పానం బాగలేదే" అన్నారు సుమన వదినెతో.

"కరోనా అంటున్నరు గద?"

"కరోనా వస్తే తిట్టుడు బందైతదానె? ఊపిరాడకున్నా తిడ్తడు గాయన."

నిర్ధారణ కోసం మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి పెద్ద అబద్ధమే ఆడారు. "తమ్మీ, గా ఖరాబు తాకాలు నేనే పాస్ జేసి పంపిన. నీ సహీ గూడ నేనే పెట్టిన."

"మంచిపని జేసినవన్నా" అన్నానట.

అది విన్నాక వారు చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బండి తీశారని వదినె చెబుతుంది.

బిల్డింగ్ సెక్రటరీ, కరోనా ఉంది పైకి పోవద్దని మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాడు. "ఊపర్ మత్ జావ్ భాయ్, కరోనా ఛే."

"టెస్ట్ కిస్‌నే కియా?" టెస్టు ఎవరు చేశారని అంబదాస్ గారు అడిగారు.

"సబ్‌కో మాలూమ్ ఛే." అందరికీ తెలుసట.

"తో ముఝే భీ మాలూమ్ హోనే దో", అయితే నాకూ తెలియనీ అని తాడు దాటి పైకి వచ్చారు. ఆ సెక్రటరీ ఇప్పుడు నాకు నమస్కారం పెడతాడు. నేను పెట్టను.

నా గదిలో వారే చాయ్ కాచి గ్లాసు నా ఎడమ చేతికి ఇచ్చారు. పడిపోయింది. మళ్లీ ఇచ్చారు. మళ్లీ పడింది. "గా చెయ్యి ఎవరిది తమ్మీ?" అని అడిగారు. నేను ఆ చేతి వంక చూసి "ఏమో" అన్నానట.

మిల్లు డ్రైవరు జితేందర్ టెంపో తెచ్చాడు. నన్ను తాకాల మీద పడుకోబెట్టారు. రెండు ఆసుపత్రుల్లో పడక లేదన్నారు. మూడోచోట ఒక డాక్టరమ్మ బయటికి వచ్చి, టెంపోలోనే నా కళ్లలో లైటు వేసి చూశారు. ఏమైందని అడిగారు. అంబదాస్ గారికి అంతకన్నా చక్కగా చెప్పడం తెలియలేదు. "మేడమ్, ఇస్‌నే గాలీ దేనా బంద్ కర్ దియా" అన్నారు, అంటే ఇతను తిట్టడం మానేశాడని. ఆమె నవ్వలేదు. "కబ్ సే?" అని, ఎప్పటినుంచో అడిగారు. వెంటనే స్కాన్ తీయించారు. కుడివైపు పేరుకున్న రక్తం మెదడును నొక్కుతున్నది. అదే రోజు పుర్రె తెరిచి తీశారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేమన్నారు. ఆ డాక్టరమ్మకు ఈ సంచిక ద్వారా నమస్కరిస్తున్నాను. ఆమెకు తెలుగు రాదు. అయినా నమస్కరిస్తున్నాను.

ఆసుపత్రి నుంచి అంబదాస్ గారు నన్ను తమ ఇంటికే తీసుకుపోయారు. మాటలు నెమ్మదిగా వచ్చాయి. నడక కూడా వచ్చింది. ప్రతిరోజూ మిల్లులోవాళ్లు అంబదాస్ గారిని "ఏమైంది మాస్టర్, ఇయ్యాలన్న తిట్టిండా?" అని అడిగేవారట. వారు లేదని తల ఊపేవారట. జూన్‌లో ఒక ఉదయం వదినె జావ ఇచ్చింది. "ఈ ఇంట్ల ఉప్పు కొనే దిక్కు లేదా?" అన్నాను. వదినె కోపగించుకోవాలి. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వాకిట్లోకి పరుగెత్తింది. "ఓ ఇంటాయనా, తిట్టిండు! తిట్టిండు!"

అంతా బాగైందనుకున్నారు. కాలేదు.

భోజనం దగ్గర అది బయటపడింది. నేను కంచం జరిపి చేయి కడుక్కోబోతే వదినె ఆపింది. "సగం అన్నం ఇడిసిపెట్టినవేంది? కూర మంచిగలేదా?" అన్నం అయిపోయిందని నేను అన్నాను. ఆమె కంచాన్ని అర చుట్టు తిప్పింది. అన్నం కనిపించింది. అప్పటిదాకా అది నా ఎడమవైపు ఉంది. నాకు అది లేదు. కంట్లో లోపం లేదని డాక్టరు చెప్పారు. మెదడు ఎడమవైపును లెక్కలోకి తీసుకోవడం లేదని, నెమ్మదిగా మెరుగుపడవచ్చని, ఎంతవరకన్నది చెప్పలేమని అన్నారు.

గుడ్డ చెక్ చేసేవాడికి ఎడమ అంచు కనబడకపోతే వాడు దేనికి పనికొస్తాడు? ఒక పోగు తెగితే గుడ్డ పొడవునా గీత పడుతుంది. ముడి గుడ్డలో అది సన్నగా ఉంటుంది. రంగు వేశాక ఎవరికైనా కనిపిస్తుంది. మిల్లు యజమాని సేఠ్ గారు నన్ను తీసేయాలనుకున్నారు, అందులో తప్పు పట్టను. అంబదాస్ గారు వెళ్లి, తాను పూచీ ఉంటానని చెప్పారు. తన పదవీ విరమణ వరకు నన్ను బల్ల దగ్గర ఉంచి చూడమని అడిగారు. ఆ తరువాత సేఠ్ గారి ఇష్టం.

అక్టోబరులో పనిలో చేరాను. ఆ రోజు నుంచి అంబదాస్ గారు తమ పని ముగియగానే వచ్చి నా బల్ల ఎడమ అంచు దగ్గర నిలబడేవారు. నేను వదిలేసిన తప్పు జరిగి వస్తుంటే, "ఇటు" అనేవారు. అంతే. తప్పు ఎక్కడో చెప్పేవారు కాదు. నేను తల తిప్పి వెతుక్కోవాలి. దొరికేదాకా రోలర్ ఆపి ఉంచేవారు.

అవి వారి మగ్గాల తప్పులే. నేను గీసే ప్రతి గీతా వారి విభాగానికి చెడ్డపేరు. చూసీ చూడనట్టు ఊరుకుంటే వారికే లాభం. ఇది నేతవాళ్లకు నచ్చలేదు. వాళ్లలో బక్కయ్య ఒకరోజు వచ్చి అందరి ముందే అడిగాడు. "ఏంది మాస్టర్, మన మగ్గాల తప్పులు మీరే పట్టిస్తున్నరు? ఎటు దిక్కున్నరు మీరు?"

"ఎడమ దిక్కున్న" అన్నారు వారు. "గీయన సూపు సక్కగయ్యేదాక మన మగ్గాలకు పేరు రాకున్నా ఏం కాదు తియ్. నువ్వు జర పోగులు మంచిగ అతుకు, నాకు గీడ నిలబడే పనే ఉండది."

జనవరిలో వారు ఒక అడుగు వెనక్కి జరిగారు. తరువాత నా వెనుక నిలబడ్డారు. తరువాత తలుపు దగ్గర. గత వారం అసలు రాలేదు. నేనే వారి దగ్గరికి వెళ్లాను. నాకు భయంగా ఉంది. ఆ మాట ఇదివరకు ఎవరికీ చెప్పలేదు.

"అన్నా, నేను సూడంది సూడలేదని నాకెట్ల తెలుస్తది?"

"తెల్వది" అన్నారు. "అందుకే ప్రతిసారి తల తిప్పాలె. ఇన్నేండ్లు అందరి తప్పులు పట్టినవ్. ఇగ నీ తప్పు గూడ ఒకటుంటదనుకొని సూడు."

వారం మొత్తం ఒంటరిగా చూశాను. ప్రతి గజానికీ మెడ తిప్పాను. ఎడమ అంచున కొన్ని తప్పులు దొరికాయి, గీతలు గీశాను. ఎన్ని దొరకలేదో నాకు తెలియదు. ఆ తాకాలు శనివారం రంగుల మిల్లుకు వెళ్లాయి. జవాబు వచ్చేసరికి పదిహేను రోజులు పట్టవచ్చు. అది చూశాకే సేఠ్ గారు నా సంగతి తేలుస్తారు. అప్పటికి అంబదాస్ గారి పూచీ ముగిసిపోయి ఉంటుంది.

కొత్త మాస్టర్ రవీంద్ర గారు మంచివారే. నా పక్కన నిలబడవలసిన అవసరం వారికి లేదు, నేను అడగను కూడా. రేపు ఉదయం బల్ల దగ్గర నేనొక్కడినే ఉంటాను. నిరుడు ఈ మాట రాసి ఉంటే నా బతుకు నాశనం అని రాసేవాణ్ని. ఇప్పుడు అలా రాయడం లేదు. అన్నం కంచాన్ని నేనే తిప్పుకుంటున్నాను. మెడ దానంతటదే ఎడమకు తిరుగుతోందని, నిన్న భోజనం వడ్డిస్తూ వదినె అన్నది. ఆమె అబద్ధం చెప్పదు.

అంబదాస్ గారి మిగిలిన చెవి చల్లగా ఉండాలి. ముప్ఫై మూడేళ్లు నిలబడిన మోకాళ్లకు ఇక కూర్చునే యోగం కలగాలి. సుమన గారితో, మనుమలతో, మగ్గాల మోత లేని ఉదయాలు వారికి లెక్కలేనన్ని దక్కాలి. వారు ఆరోగ్యంతో నిండు ఆయుష్షు అనుభవించాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. రంగుల మిల్లు నుంచి ఏ జవాబు వచ్చినా ఈ మాట వెనక్కి తీసుకోను.

ఆగయ్య
చెకింగ్ విభాగం