గాలిలో ఊపమన్నారట

హలో… ఆ, నేనే. యెసేనియానే.

చెప్పండి ఓనరుగారూ, డాన్ ఫౌస్తినో… లేదు, బజార్లో ఉన్నా. పీతలు తూస్తున్నా… వినిపిస్తోంది, చెప్పండి.

ఆదివారం మళ్లీనా?… ఒక్క బ్యాటరుకే బంతులెయ్యాలా?… ఈసారి టోపీ కూడా గులాబీ రంగా!

మీరాగండి. నేను చెప్తాను.

మీ జట్టుకొచ్చినప్పుడు నా చేతిలో ఏముంది? ఒక్క బంతి. తిరక్కుండా తేలుతూ వచ్చి, బ్యాటు ముందు వంకరపోయే బంతి. పదకొండేళ్లు గోళ్లు విరగ్గొట్టుకుని సంపాదించిన సరుకు. అది చూసే తీసుకున్నామన్నారు… అన్నారా, లేదా? మగాళ్ల బేస్‌బాల్ లీగులో మొదటి ఆడమనిషి అని గోడలనిండా నా బొమ్మలేశారు.

మరి రమీరోకి ఏం చెప్పారు?… ఆ రమీరోనే. మొన్న నేనేసిన మూడు బంతులూ తప్పి అవుటైనవాడు. అవతలి జట్టువాడికి మీరెందుకు ఫోన్ చేశారు?… చెయ్యలేదా! నిన్న పీతలకొచ్చి వాళ్లావిడే చెప్పింది. "బ్యాటు ఊరికే గాలిలో ఊపు, జనం మురిసిపోతారు" అన్నారట. ఆయనకి అన్నం సయించట్లేదట, సిగ్గుతో.

నవ్వకండి! స్టేడియమంతా లేచి నిలబడింది. మా అమ్మ ఆ బంతిని మేరీమాత పటం దగ్గర పెట్టుకుంది. కుళ్లిన రొయ్యని ఐసు కింద దాచి నేనెప్పుడూ అమ్మలేదు. మీరు నన్నే అలా అమ్మారు.

…ఏంటీ? ఆడదానికి అదే ఎక్కువా?… ఇంకోసారి అనండి చూద్దాం.

రమీరో మళ్లీ ఒప్పుకోడు… నాకెలా తెలుసా? పొద్దున్నే ఇద్దరం మైదానానికెళ్లాం. బాకా లేదు, జనం లేరు. బంతులు పట్టడానికి మన జట్టు చేమా వచ్చాడు, పెద్ద గ్లవ్ తొడుక్కుని. ఆ, మీ చేమానే! "నిజంగా కొట్టు, దయ చూపించావో పీతల బుట్ట నెత్తిన బోర్లిస్తా" అన్నాను రమీరోతో.

…జట్టులోంచి తీసేస్తారా? తీసేయండి. ఆ గులాబీ టోపీ మీరే పెట్టుకుని బంతులేసుకోండి.

…నాకేం మిగిలిందా? వినండి. పదిసార్లు బ్యాటు పట్టి నిలబడ్డాడు. ఆరుసార్లు కొట్టాడు. అందులో ఒకటి గోడ దాటి సముద్రంవైపు పోయింది, చేమా ఇంకా వెతుకుతున్నాడు. నాలుగుసార్లు అవుట్. చివరిసారి బ్యాటు నేలకేసి బాది, నన్ను పచ్చిబూతులు తిట్టాడు—

ఆ నాలుగూ నావే. పెట్టేస్తున్నా.