కింద నిలబడే పిల్ల

కెంటకీలో చీర్ పోటీలు, అంటే పిల్లలు జట్టుగా పల్టీలు కొడుతూ ఒకరినొకరు చేతుల మీద పైకి లేపే పోటీలు, జరుగుతున్న హాలు వెనక నడవా. మాట్లాడుకుంటున్నది ఓ చిన్న జిమ్ నడుపుతున్న గ్లెండా, ఆమె దగ్గరే కోచ్‌గా పనిచేస్తున్న మేనల్లుడు వెస్.

"…పైపర్ వాళ్ళమ్మ అందరి ముందే అడిగింది అత్తా. 'నా కూతుర్ని పక్కన కూర్చోబెట్టడానికి మీరెవరు' అని. ఆ గొంతు పాప్‌కార్న్ అమ్మేవాడి దాకా వినపడింది."

"అడగనీ."

"డాక్టరు చూశాడట. పైపర్‌కి ఏమీ కాలేదన్నాడట. కావాలంటే ఆయనతో ఫోన్లో మాట్లాడిస్తానంటోంది."

"ఒరేయ్ వెస్, గురువారం ప్రాక్టీసులో ఆ పిల్ల నా కళ్ళముందు పైనుంచి పడింది. ముగ్గురు పిల్లల చేతుల మీద నిలబడాల్సింది దబ్బున కిందకొచ్చింది. డాక్టరు కాదు, దేవుడొచ్చి చెప్పినా ఇవాళ దాన్ని పైకెక్కించను. బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టమను."

"అదే మాట వాళ్ళమ్మతో అన్నావా?"

"నలుగురూ వినేలా అన్నా. పిల్ల తలకాయ కంటే గెలిచే కప్పు ఎక్కువ కాదు, నా జిమ్‌లో అది కుదరదు అన్నా. అక్కడున్న తల్లులంతా నోళ్ళు మూసుకున్నారు. ఒకావిడైతే కళ్ళు తుడుచుకుంది."

"నిజం చెప్పొద్దూ, నాక్కూడా గర్వంగానే ఉంది. కానీ పైపర్ బదులు ఎక్కే రూబీ సంగతేంటి? రూబీ ఆ ఎత్తులో నిలబడింది ఏదో రెండుసార్లో మూడుసార్లో…"

"నిలబడుతుంది. కింద మొయ్యడానికి డెలానీ ఉందిగా. డెలానీ చేతుల మీద ఆవుని నిలబెట్టినా కదలదు."

"రూబీ వణుకుతోంది అత్తా. జుట్టుకి స్ప్రే కొడుతుంటే చూశా."

"వణికితే నవ్వుతూ వణకమను. జడ్జీలకి పళ్ళు కనపడితే చాలు."

"ఆ హైవే పక్క జిమ్ వాళ్ళు కూడా వచ్చారు. అందరికీ ఒకటే రంగు జాకెట్లు. వాళ్ళ హెడ్ కోచ్ మన వ్యాను పక్కనే నిలబడి మన తల్లులకి కాఫీలు ఇప్పిస్తున్నాడు."

"ఎవరెవరు తాగారు?"

"అత్తా!"

"చెప్పరా. ఇవాళ కాఫీ తాగినవాళ్ళు సీజన్ అయిపోగానే అటు పోతారు. కిందటేడు అంతే కదా జరిగింది. గెంతడం దగ్గర్నుంచి నేర్పేది నేను. పల్టీ కొట్టడం వచ్చాక ఎత్తుకుపోయేది వాడు."

"వాడి దగ్గర కొత్త ఫ్లోరు ఉంది. అద్దం వెనక కూర్చుని చూడ్డానికి తల్లులకి సోఫాలున్నాయి. మన దగ్గర వానొస్తే మ్యాట్ల మధ్య బకెట్లు."

"ఆ బకెట్లు పెట్టేది ఎవరు? నేను. వ్యాను నడిపేది నేను, బాత్రూములు కడిగేది నేను, రిబ్బన్లకి తళుకులంటించేదీ నేనే. పొగాకు గోడౌనురా అది. ఎలకలు తిరిగేవి. దాన్ని జిమ్ చేశాను. ఇవాళ ఫైనల్స్‌కి పిలుపు రాకపోతే ఇక తాళమే. ఉన్న నలుగురూ వాడి జాకెట్లు తొడుక్కుంటారు."

"తెలుసు అత్తా."

"తెలిస్తే ఆ ఏడుపు మొహం మాను. పిల్లలు చూస్తారు."

"ఇంకో మాట చెప్పాలి."

"వార్మప్‌కి ఎప్పుడు పిలుస్తారో కనుక్కున్నావా? అదిగో ఆ ఆకుపచ్చ చొక్కా అమ్మాయి, ఆవిడే పిలిచేది—"

"డెలానీ సంగతి."

"మనకి ముందు ఇంకో టీమ్ ఉన్నట్టుంది."

"అత్తా. డెలానీ సంగతి అంటున్నా."

"ఏమైంది దానికి? బంగారంలాంటి పిల్ల. పైకెక్కే పిల్లగా ఉన్నప్పుడూ నోరెత్తలేదు, ఒళ్ళొచ్చి ఎత్తు పెరిగిందని దాన్ని కిందకి దింపి మొయ్యమన్నప్పుడూ నోరెత్తలేదు. ఇంకో పిల్లయితే ఇల్లు పీకి పందిరేసేది."

"ఇవాళ వ్యానులో నోరెత్తింది. 'ఎక్కడికెళ్తున్నాం' అంది. చెప్పా. పెట్రోలు బంకు దగ్గర మళ్ళీ అడిగింది. వంతెన దాటాక మళ్ళీ అడిగింది. ప్రతిసారీ మొదటిసారి అడిగినట్టే అడిగింది."

"టెన్షన్ రా. చిన్నపిల్ల."

"బంకులో సాసేజ్ రొట్టె కొనిస్తే ముట్టుకోలేదు. వెనక్కి వెళ్ళి కక్కుకుంది."

"ఆ బంకు వాసనకి నాకే కడుపులో తిప్పింది."

"నల్ల కళ్ళద్దాలు తియ్యనంటోంది. లైట్లు గుచ్చుకుంటున్నాయట."

"ఈ లైట్లు ఎవరికైనా గుచ్చుకుంటాయి. నువ్వెళ్ళి రూబీ జుట్టు ఊడిపోతోందేమో చూడు."

"మాట మారుస్తున్నావు."

"రూబీ గురించి బెంగగా ఉందిరా నాకు. పైకెక్కేది అది కదా."

"అదీ, సరిగ్గా అదే అత్తా. మనందరం పైకెక్కేదాన్నే చూస్తాం. గురువారం అందరం పైపర్ దగ్గరికే పరిగెత్తాం. నేనూ పరిగెత్తా. మెడ పట్టుకున్నా, నా వేళ్ళెన్నో చెప్పమన్నా. అవతల, తల్లులు కూర్చునే వైపునుంచి, వాళ్ళమ్మ అద్దం బాదేస్తోంది. ఐస్ తెచ్చింది ఎవరో గుర్తుందా? డెలానీ. తనే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి ఐస్ తెచ్చి పైపర్ చేతికిచ్చింది."

"మంచి పిల్లని నేనూ అదే అంటున్నాగా."

"ఇందాక పైపర్ వాళ్ళమ్మ నాకు వీడియో చూపించింది. ఆ రోజు అద్దం వెనకనుంచి ఎవరో తీశారట. 'చూడండి, నా కూతురి తల నేలకి తగిలిందా' అని నిలదీసింది. నిజమే. పైపర్ తల నేలకి తగల్లేదు."

"మరి ఇంకేం."

"ఎందుకు తగల్లేదో కూడా అందులో కనపడుతోంది. కింద డెలానీ ఉంది. పైపర్ మోచెయ్యి, దాని వెనక ఒంటి బరువంతా, వచ్చి డెలానీ కణత మీద పడింది. తల పక్కకి తిరిగిపోయింది అత్తా. మోకాళ్ళ మీద కూలబడింది. మళ్ళీ లేచి చేతులు చాపి నిలబడింది, ఇంకెవరైనా పడితే పట్టుకోవాలి కదా అని."

"ఆ వీడియో ఇంకెవరు చూశారు?"

"ఏమో. ఎందుకు?"

"ఊరికే అడిగా."

"ఆవిడ చూస్తోంది పైపర్‌ని. ఎన్నిసార్లు చూసినా పైపర్‌నే చూస్తుంది. డెలానీ వాళ్ళమ్మ వచ్చుంటే డెలానీని చూసేది."

"వాళ్ళమ్మకి కోళ్ళ ఫ్యాక్టరీలో షిఫ్టు. ఎప్పుడొచ్చింది గనక."

"ఫోన్ చేద్దాం."

"ఫ్యాక్టరీ లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు."

"ఆఫీసుకి చేద్దాం. పిలుస్తారు."

"పిలిస్తే ఏం చెప్తావు? మీ అమ్మాయి రొట్టె తినలేదనా?"

"తలకి దెబ్బ తగిలిందని చెప్తా. తలకి దెబ్బ తగిలిన పిల్లని డాక్టరు కాగితం రాసిచ్చేదాకా మ్యాట్ ఎక్కించకూడదు. ఆ రూలు మన గోడ మీద రాసిపెట్టింది నువ్వే. పైపర్‌ని ఆపింది కూడా అందుకేగా."

"పైపర్ వేరు."

"ఎలా వేరు?"

"పైపర్ బదులు ఎక్కడానికి రూబీ ఉందిరా! డెలానీ బదులు మొయ్యడానికి ఎవరున్నారు? చెప్పు. నువ్వు మోస్తావా గౌను తొడుక్కుని? డెలానీ పక్కకి జరిగితే రూబీ లేవదు. రూబీ లేవకపోతే పిరమిడ్ లేదు. పిరమిడ్ లేకపోతే మనం ఇంతదూరం వచ్చింది ఎందుకు? పెద్ద జిమ్‌లో అయితే ఒక పిల్ల పోతే నలుగురు వరసలో ఉంటారు. నాకున్నది ఒక్కతే."

"అంటే పైపర్‌ని ఆపింది ఇంకో పిల్ల ఉంది కాబట్టా?"

"నోర్ముయ్."

"కోచ్‌ల ట్రైనింగులో మనిద్దరం పక్కపక్కనే కూర్చుని విన్నాం అత్తా. మొదటి దెబ్బ మానకుండానే రెండోది తగిలితే పిల్ల లేవకపోవచ్చు అని చెప్పారు. నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు ఆ మాట వింటూ. రూబీ వణుకుతోంది. వణికే పిల్ల పడుతుంది. ఎవరి మీద పడుతుందో నీకు తెలుసు."

"మెల్లగా. అదుగో డెలానీ వస్తోంది. నవ్వు."

"నాకు నవ్వు రావట్లేదు."

"నవ్వరా!"

"కోచ్, నా బూట్లు కనపడట్లేదు."

"కాళ్ళకే ఉన్నాయిగా డెలానీ తల్లీ."

"అవును కదా."

"డెలానీ, ఇలా రామ్మా. ఇక్కడ లైటు తక్కువ. ఎలా ఉన్నావు?"

"బాగానే ఉన్నా వెస్ కోచ్. నిద్ర చాల్లేదంతే."

"తల నొప్పిగా ఉందా?"

"బాగానే ఉన్నా. నిద్ర చాల్లేదంతే."

"ఇవాళ నువ్వు లేపేది ఎవర్ని?"

"పైపర్‌ని."

"రూబీని తల్లీ. పొద్దున్నే చెప్పాం. పార్కింగ్ పక్క గడ్డిలో రూబీని లేపి దింపావు కూడా."

"లేపానా?"

"దాన్ని కంగారు పెట్టకు వెస్. రూబీ అయితేనేం, పైపర్ అయితేనేం? పాదం చేతిలోకొస్తే పట్టుకోవడమే దాని పని. పట్టుకుంటావు కదమ్మా?"

"పట్టుకుంటా కోచ్."

"చూశావా?"

"డెలానీ, రూబీని రెండోసారి దింపాక నువ్వెటు నడుస్తావు?"

"దింపాక… దింపాక…"

"ఎడమకి. ఎడమకి నడుస్తుంది."

"నిన్నడగలేదు అత్తా."

"ఎడమకి, వెస్ కోచ్."

"అది ఇప్పుడు అత్త చెప్పింది."

"ఎప్పుడు, వెస్ కోచ్?"

"అదిగో, మన పేరు పిలుస్తున్నారు. పదండి పదండి. డెలానీ, ఆ కళ్ళద్దాలు నాకివ్వు. రిబ్బన్ సరిచేస్తానుండు."

"నేను మెడికల్ టేబుల్ దగ్గరికి వెళ్తున్నా."

"వెస్! ఆగు. ఆగరా. వాళ్ళకి చెప్తే మొత్తం టీమ్‌ని దింపేస్తారు. అంతమంది పిల్లలు మొహాలకి తళుకులు పూసుకుని ఆ వరసలో నిలబడి ఏడుస్తారు. తల్లులు అటునుంచి అటే జాకెట్ల దగ్గరికి పోతారు. నాకు భయంగా ఉందిరా. ఆ షెడ్డు పోతే నేనేం చెయ్యాలి? నాకింకే పనొచ్చు?"

"నాకూ భయంగానే ఉంది. కానీ షెడ్డు కోసం కాదు."

"నేనేమన్నా రాక్షసినా? పిల్లల కోసం పెళ్ళి కూడా మానుకున్నా."

"రాక్షసివి కాదు అత్తా. అందుకే బతిమాలుతున్నా. నేను వెళ్ళి చెప్పడం కాదు, నువ్వే ఆపు. ఇందాక తల్లుల ముందు అన్నావే, ఆ మాటే ఇంకోసారి అను."

"…సరే."

"సరేనా?"

"సరే. దాన్నే అడుగుదాం. బాగోలేదని ఒక్క ముక్క అంటే నేనే వెళ్ళి మన పేరు కొట్టేయిస్తా. మా అమ్మ మీద ఒట్టు."

"నిజంగా?"

"ఒట్టు పెట్టాక ఇంకా నిజంగానా ఏంటి? అడుగు. త్వరగా అడుగు. ఆవిడ మళ్ళీ పిలుస్తోంది."

"డెలానీ, నా వైపు చూడమ్మా. ఎవరూ కోప్పడరు. నిన్ను టీమ్‌లోంచి ఎవరూ తియ్యరు. వచ్చే ఏడు కూడా నువ్వే మోస్తావు. నిజం చెప్పు. నువ్వు బాగున్నావా?"

"బాగానే ఉన్నా. నిద్ర చాల్లేదంతే."

"విన్నావుగా. ఇంక పద."

"ఆగు అత్తా. ఏమడిగినా అదే మాట. ఒక్క అక్షరం కూడా మారట్లేదు."

"అడిగావు, చెప్పింది. అయిపోయింది. రూబీ! వరసలోకి రా!"

"గురువారం ఐస్ ఎవరికి తెచ్చావు డెలానీ?"

"ఐసా? నాకు గుర్తులేదు వెస్ కోచ్."

"పైపర్ నీ మీద పడింది. గుర్తుందా?"

"పైపర్ పడిందా? తనకేం కాలేదుగా?"

"తనకేం కాలేదమ్మా. నీకేమైంది? ఆ రోజు ఏదీ గుర్తులేదా? ఇంటికెలా వెళ్ళావు, ఎవరు దింపారు, ఏదైనా సరే?"

"చిన్నపిల్లని పోలీసు ప్రశ్నలు అడుగుతావేంట్రా! వదిలెయ్! డెలానీ, నా చెయ్యి పట్టుకో తల్లీ, లోపలికి పోదాం—"

"ఒకటి గుర్తుంది వెస్ కోచ్. కోచ్ కారులో కక్కుకున్నా. కోచ్ నా మొహం తుడిచారు. అమ్మ అడిగినా, మీరడిగినా, ఎవరడిగినా 'బాగానే ఉన్నా, నిద్ర చాల్లేదంతే' అనమని నా చేత మళ్ళీ మళ్ళీ అనిపించారు. మిగతావన్నీ పోతున్నాయి గానీ అది మాత్రం పోలేదు. సరిగ్గానే చెప్పాను కదా కోచ్?"