తీసిన మీసం

కాలేజీ నాటకంలో ఆడవేషం కోసం మీసం తీయించుకుని వాకాడులో ఇంటికి వచ్చిన కొడుకును లోపలికి రానీయకుండా, తండ్రి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అది పంతొమ్మిది వందల అరవయ్యొకటో సంవత్సరం. వెనక మంచం మీద నుంచి తాత పలికాడు.

“వాణ్ణి రానీరా.”

“తండ్రి పోతే తీసే మీసం, నేను బతికుండంగానే తీసినాడు నాయనా.”

“మదరాసు కాలేజీలో నేనూ ఆడవేషం కట్టినాను. నేనూ తీసినాను.”

“ఎప్పుడూ చెప్పలేదే.”

“మా నాయనకేం కాలా. నీ పెళ్లి కూడా చూసి పోయినాడు.”

“చూసినాడు. నీతో మాత్రం చచ్చేదాకా మాట్లాడలా. పొలం తగువని చెప్పినావు నాకు.”

“పొలం కాదురా.”

తండ్రి చాలాసేపు కొడుకు నున్నటి పెదవి వంక చూశాడు. చివరికి పక్కకు జరిగాడు.

“కాళ్లు కడుక్కుని రా,” అన్నాడు.