మూడో చరణంలో నవ్వు

నంద్యాల జిల్లా కోర్టు. వాది తరఫు మొదటి సాక్షి దేవుని మీద ప్రమాణం చేసి చెప్పినది.

నా పేరు కోమలవల్లి. కీర్తిశేషులు శేషాద్రి గారి భార్యను. వయసు అరవై మూడు. ఉండేది దిగువ అహోబిలం. వృత్తి అంటే ఇంటిపని, గుడికి మాలలు కట్టడం, పాటలు కట్టడం. చివరిది కూడా రాయమని నేనే అడిగాను. గొడవంతా దాని గురించే కదా.

మావారు గుడిలో పరిచారకులు. ఏటా పారువేటకు స్వామి పల్లకి ఊరూరా తిరిగి, తన పెళ్ళికి రమ్మని జనాన్ని పిలుస్తుంది. మావారు దాని వెంట నడిచేవారు. 2024లో ఆయనకు మోకాలు వాచింది. ఇంట్లో ఉన్నంతసేపూ అబ్బా, అమ్మా అని మూలుగుడే. నేను ఉప్పు కాపడం పెట్టేదాన్ని. గుడి దగ్గర బాజా వినబడితే చాలు, కండువా భుజాన వేసుకుని పరుగు. నాకు ఒళ్ళు మండేది. ఆ మంటలోనే ఒక హారతి పాట కట్టాను. మూడో చరణం ఇది:

మోకాలు నొప్పని మూలిగేటి స్వామి
పెళ్ళంటె పరుగెత్తి వచ్చినాడే

ఆ సంవత్సరం బ్రహ్మోత్సవాలయ్యాక మా అన్న కూతురు చందన ఆళ్ళగడ్డ నుంచి వచ్చింది. మా వరండాలో నా చేత ఆ పాట పాడించి, ఫోన్‌లో తీసి, తన ఛానల్‌లో పెట్టింది. మూడో చరణం దగ్గర మావారు లోపలి నుంచి పెద్దగా నవ్వారు. నేను ఆగాను. ఆయన నవ్వు అయ్యాక మిగతాది పాడాను. "ఏమే, స్వామిని అంటున్నావా, నన్నంటున్నావా?" అని తర్వాత అడిగారు. ఇద్దరినీ అన్నాను. ఆ కార్తీకంలోనే ఆయన పోయారు. ఆయన గొంతు ఉన్నది ఆ వీడియో ఒక్కదానిలోనే.

మరుసటి పారువేటకు ఆళ్ళగడ్డ దగ్గర ఒక ఊళ్ళో పల్లకికి ఆ పాటే పాడాను. నాగేశ్వరమ్మ అనే రైతు ఇంటావిడ హారతి పళ్ళెం పట్టుకుని, "ఏందమ్మా, సెల్లులో పాట బలే నేర్చుకున్యావే! మా కోడలు పొద్దస్తమానం అదే పెడతాంటాది" అంది. ఏ సెల్లు, ఏ పాట అన్నాను. ఆమె కోడలు తెచ్చి చూపించింది. ప్రతివాది కంపెనీ వాళ్ళ భక్తి ఛానల్. కృత్రిమ మేధతో చేసిన పాట అని కింద రాసి ఉంది. గొంతు పాతికేళ్ళ అమ్మాయిది. పాట నాది. మోకాలితో సహా నాది.

ఆ ఛానళ్ళన్నీ ఉండే సైటుకు చందన ఫిర్యాదు రాసింది. వారం తిరక్కుండా మా వీడియోనే తీసేశారు. అది కంపెనీ వారి పాటకు నకలని వాళ్ళు క్లెయిమ్ వేశారట. దొంగను చూపించినందుకు మమ్మల్నే ఇంట్లోంచి గెంటినట్టయింది. చందన అప్పటికే పాత ఫోన్ ఇచ్చేసి కొత్తది తీసుకుంది. నెట్‌లో ఉన్నది ఎక్కడికి పోతుందిలే అనుకుంది. నా దగ్గర ఇంకో కాపీ లేదు. అందుకే వకీలు జాహ్నవి గారిని పెట్టుకుని దావా వేశాను.

ప్రతివాది వకీలు క్రాంతి కుమార్ గారు అడిగిన మీదట చెప్పినది:

పాడే ముందు వీడియోలో నేను "ఇది మా పెద్దలు పాడిన పాట" అన్న మాట నిజమే. పెద్దల పాట అందరిదీ కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు అనడం నిజం కాదు, ఎందుకంటే అది పెద్దల పాట కాదు. మా ఇళ్ళల్లో పాట ఎవరు కట్టినా పెద్దలదనే చెప్పి పాడతాం. స్వామి ముందు నిలబడి ఇది నేను కట్టానని చెప్పుకుంటే చూసేవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. మా అత్తగారూ అలాగే అనేవారు. ఆమె పాటలు ఏవో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా అని ఆయన అడిగారు. అయ్యా, ఇంటికొచ్చినవాళ్ళు వంట బాగుందంటే ఏదో చేశాంలెండి అంటాం. అంతమాత్రాన గిన్నె ఎత్తుకుపోతారా? హాల్లో కొందరు నవ్వారు. నేను నవ్వడానికి చెప్పలేదు.

యంత్రం లక్షల పాటలు విని కొత్తది తనే కట్టిందని ఆయన అన్నారు. వినే ఉంటుంది. ఏ పెద్దలైనా స్వామికి మోకాలు నొప్పి అని పాడారేమో ఒక్క పాట చూపించమన్నాను. చూపించలేదు.

ఈ రోజు కోర్టు వారు సైటు నుంచి తెప్పించిన మా వీడియోనూ, కంపెనీ పాటనూ వినిపించారు. ముందు కంపెనీ పాట పెట్టారు. మూడో చరణంలో పరుగెత్తి వచ్చినాడే అన్నాక ఆ అమ్మాయి గొంతు ఆగింది. వట్టి తంబురా మోగింది. తర్వాత మళ్ళీ పాడింది. అక్కడ ఎందుకు ఆగిందని జడ్జి గారు అడిగారు. క్రాంతి కుమార్ గారు తెలియదన్నారు. నాకు తెలుసు. తర్వాత మా వీడియో పెట్టారు. అదే చోట మావారు నవ్వారు.

(ఇక్కడ సాక్షికి మంచినీళ్ళు ఇవ్వడమైనది.)

యంత్రం చేసిన పాటకు హక్కుదారు ఎవరు, పాటలు మేపి దాన్ని తయారు చేయడం తప్పా కాదా అన్నవి ఢిల్లీ కోర్టుల్లోనే ఇంకా తేలలేదని జడ్జి గారు నాకు అర్థమయ్యేట్టు చెప్పారు. తమ ముందున్న ప్రశ్న అంతకంటే చిన్నదన్నారు. పాట కట్టింది నేనేనా, వాళ్ళ పాట అందులోంచే తీశారా. కట్టింది నేనే. ఈ మాట నోటితో అనడం ఇదే మొదలు. స్వామి ఏమనుకున్నా సరే.

డబ్బు ఎంత కావాలని అడిగారు. జాహ్నవి గారు దావాలో ఏదో రాశారు, అది ఆమెనే అడగండి. నాకు ఆ వీడియో కావాలి. తీర్పు దాకా ఆగాలన్నారు. అయితే ఇంకొక్కసారి వినిపించమన్నాను. వినిపించారు.

టైపు చేసినదంతా నాకు తెలుగులో చదివి చెప్పారు. ఒక్క చోట దిద్దించాను. "వీడియోలో ఒక పురుషుని నవ్వు వినబడుతున్నది" అని ఉంది. దాన్ని కొట్టించి "నా భర్త శేషాద్రి నవ్వు" అని రాయించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, నిజం.

(సం.) కోమలవల్లి