కొండెక్కే బరువు

మధ్యాహ్నం. మెకానిక్ షెడ్డులో పాత ట్రాక్టర్ పక్కన మెకానిక్, ఆ బండి యజమానురాలు.

"ఎక్కుతుందా, ఎక్కదా? ముందు అది చెప్పు."

"ఎక్కుతుందక్కా. కాకపోతే దీని వయసు నా వయసుకి రెండింతలు. పరుగెత్తమంటే మాత్రం..."

"పరుగెత్తమని ఎవరన్నారు? కొండ మలుపు దగ్గర ఆగకూడదు. అంతే."

"ఆగదు. పిస్టన్లు, రింగులు కొత్తవి వేశాను. డీజిల్ పంపు విప్పి సరిచేయించుకొచ్చాను. పొద్దున స్టార్ట్ చేస్తే నల్లపొగ వచ్చిందా? రాలేదుగా. ఇదివరకు సగం బలం ఆ పొగలోనే పోయేది."

"వెనక్కి జారితే?"

"జారదు. వెనక టైర్లలో ముప్పావు వంతు నీళ్ళు నింపాను. బరువుంటేనే పట్టు. ముందు మూతి లేవకుండా ఇనప దిమ్మలు బిగించాను. కిందే రెండో గేర్లో వేశారంటే పైకి చేరేదాకా దాన్ని ముట్టుకోకండి. మధ్యలో గేరు మార్చారో, ఇంక నేను చేసిందంతా గంగపాలు."

"కుదుపు?"

"ఏంటి?"

"కుదుపు ఉంటుందా అని. ట్రాలీలో."

"ట్రాలీ అన్నాక కుదుపు ఉండదా? అయినా రాళ్ళకి కుదుపేంటక్కా!"

"రాళ్ళని నేనన్నానా?"

"మరి? సిమెంటా? ఇల్లు కడుతున్నారనుకున్నా."

"ఇల్లు అయిపోయింది. నువ్వు క్లచ్ సంగతి చెప్పు."

"మాట దాటేస్తున్నారు."

"క్లచ్ సంగతి చెప్పు."

"ప్లేటు మార్చాను. మెల్లగా వదలాలి... మీకు నేను నేర్పేదేముందిలే. ఒక్కటి అడుగుతా, తిట్టకండి. మీరు వెళ్ళేది మీ బావగారి గేటు ముందునుంచేగా?"

"వేరే దారెక్కడుంది?"

"అదీ! అక్కడ ఆపి హారన్ కొట్టండి. చెవులు చిల్లులు పడాలి. మీరు అడక్కపోయినా కొత్త హారన్ పెట్టింది అందుకే."

"నీకెందుకంత కసి?"

"నాకెందుకా? ఆయన బ్యాటరీ ఎత్తుకుపోయానని, పాత బ్యాటరీ ఒకటి నెత్తిన పెట్టి నాలుగు రోడ్ల దగ్గర నిలబెట్టలేదూ? ఎండలో మూడు గంటలు! మర్నాడు ఆయన గోదాములోనే దొరికింది. 'సరేలే' అన్నాడు. అంతే. సరేలే! నేనలా ఎండలో నిలబడ్డప్పుడు మా ఆవిడ అటుగా వస్తూ నన్ను చూసి, చూడనట్టు తల తిప్పుకుని వెళ్ళిపోయింది. నా మెడ ఇప్పటికీ నొప్పెడుతుంది అక్కా."

"నీది మెడ నొప్పేగా."

"...అవును. మీకు జరిగినదాని ముందు నాదెంత."

"పంపకాలప్పుడు పల్లం పొలమంతా తను ఉంచుకుని, తమ్ముడికి కొండ నెత్తిన రాళ్ళ నేల, ఈ డొక్కు బండి పడేశాడు. పోనీలే అనుకున్నాం. మా ఆయన దీంతోనే ఆ నేల చదును చేశాడు."

"తెలుసు."

"నీకు తెలిసింది సగం. ఆ రోజు మలుపు దగ్గర ఇంజను ఆగిపోయింది. చక్రం కింద రాయి పెడదామని దిగాడు. బండి వెనక్కి జారింది. నడుం దాకా కింద ఇరుక్కుపోయాడు. స్పృహలోనే ఉన్నాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. 'అన్నయ్య దగ్గరికి పరుగెత్తు, కొత్త ట్రాక్టర్ తెచ్చి గొలుసేసి లాగుతాడు' అన్నాడు. చెప్పుల్లేకుండా పరుగెత్తాను."

"అప్పుడాయన ఇంట్లో లేడన్నారుగా?"

"గేటు దగ్గరే ఉన్నాడు. కొత్త ట్రాక్టర్ కడిగిస్తున్నాడు. 'తడిగా ఉంది, ఆరాక పంపిస్తా' అన్నాడు."

"ఆరాకా?"

"ఆరాక. కాళ్ళ మీద పడ్డాను. బురద అంటుతుందని వెనక్కి జరిగాడు. నేను తిరిగి కొండెక్కేసరికి మా ఆయన మాట్లాడటం లేదు."

"అక్కా, హారన్ వద్దు. ఆ గేటునే గుద్దేయండి. ముందున్న దిమ్మలు చాలు. బండికేమైనా అయితే నేను చూసుకుంటా."

"అక్కర్లేదు. గేటు తెరిచే ఉంటుంది నాకు."

"మీకా? ఆయన తెరుస్తాడా?"

"కొడుకులు తెరుస్తారు."

"కొడుకులా? మరి ఆయనేమయ్యాడు? నిజమే, రెండు నెలలుగా బయట కనబళ్ళేదు."

"పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది. మాట లేదు. కళ్ళూ చెవులూ మాత్రం బాగానే ఉన్నాయి. వెనకవైపు ఎరువు బస్తాల గదిలో పడేశారు. పెద్దాడు నువ్వు చూడంటాడు, చిన్నాడు నువ్వే చూడంటాడు. నాకిచ్చేయండి అన్నాను. 'పుణ్యం కట్టుకో పిన్నీ' అన్నారు ఇద్దరూ. మొదటిసారి ఒక్క మాట మీదున్నారు."

"ఇచ్చేయడమేంటి? ఆగండాగండి. అక్కా, ఆ ట్రాలీలో వేసేది..."

"మంచంతో సహా. అంబులెన్స్ వాడు ఆ ఎత్తు ఎక్కించనన్నాడు."

"దీనికా! పది రోజులు ఈ బండి కింద పడుకుని ఒళ్ళంతా మసి చేసుకుంది దీనికా! ఆయన్ని మోయడానికా!"

"అరవకు."

"అరవక? ఆ బస్తాల మధ్యే కుళ్ళనివ్వండి!"

"అక్కడ కుళ్ళితే నెలలో పోతాడు. నాకది చాలదు."

"అంటే?"

"ఆ మలుపు మీదుగా రావాలి. వెల్లకిలా, కదల్లేకుండా. బండి ఎక్కడ ఆగిపోతుందోనని ఊపిరి బిగబట్టుకుని రావాలి. పైకొచ్చాక నా చెయ్యి ముందుకొస్తేనే నోట్లోకి ముద్ద. అది ఎవరి చెయ్యో చూస్తూ మింగాలి. ఒకరోజు కాదు, పదేళ్ళు. చావనివ్వను తమ్ముడూ. ఒళ్ళు పుండు పడనివ్వను. బతికే ఉండాలి."

"...అమ్మో."

"ఏం? తప్పంటావా?"

"తప్పనను. ఒళ్ళు జలదరించింది, అంతే. రేపు పొద్దున్నే తోలుకెళ్ళండి. ట్రాలీలో గడ్డి మందంగా పరిచిస్తాను, కుదుపు తగ్గుతుంది. క్లచ్ మాత్రం..."

"నువ్వూ రావాలి."

"నేనెందుకు? బండి మీకు కొత్తా?"

"బండి కోసం కాదు."

"మంచం పట్టడానికా? దానికి కొడుకులున్నారుగా."

"మంచానికీ కాదు."

"మరి దేనికక్కా?"

"నిన్న చూడ్డానికెళ్తే నన్ను చూసి ఏడ్చాడు. నా చెయ్యి దానంతటదే లేచి ఆయన కళ్ళు తుడిచింది. ఇంకోసారి తుడవబోతే పట్టుకుని ఆపడానికి పక్కన ఒకరుండాలి."